మాస్టారి ‘అదే’

పక్షవాతం వచ్చాక మా మాస్టారికి మిగిలిన మాట ఒక్కటే: ‘అదే’. ఆకలేసినా అదే, ఫ్యాన్ ఆపమన్నా అదే. బాపట్ల కాలేజీలో గుక్క తిప్పుకోకుండా గంటసేపు పాఠం చెప్పిన మనిషి! రేపల్లెలో ఆయన ఇంటికి వెళ్లిన ప్రతిసారీ నాకు దేవుడి మీద కోపం వచ్చేది.

రిటైరయ్యాక ఆయన లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాసుకున్నారు, తెలుగు సంధులు విడదీసేది. అది కొన్ని మాటల దగ్గర తప్పుతోంది. సరిచేద్దామని ఆదివారాలు తెనాలిలో పాసింజరు ఎక్కి వెళ్లేదాన్ని. తప్పు వెతకడానికి డీబగ్గర్ అని ఒకటుంది. ప్రోగ్రామును అడుగడుగునా ఆపి ఏం జరుగుతోందో చూపిస్తుంది. కానీ మాస్టారు నిండా మాక్రోలు రాశారు. మాక్రో అంటే మనం సొంతంగా పుట్టించుకున్న మాట. కంప్యూటర్ దాన్ని విప్పి పెద్ద కోడుగా మార్చుకుంటుంది. అందులో ఏది చేయాల్సిన పనో, ఏది ఉత్త పేరో డీబగ్గర్‌కి తెలియదు. తెలియక మొత్తాన్నీ ఒక్క గెంతులో దాటేస్తుంది. ఆ సంగతి మనమే దానికి రాసివ్వాలి.

ఒక ఆదివారం గుమ్మంలోనే మాస్టారి భార్య నా చెయ్యి పట్టుకున్నారు.

“అమ్మాయీ, ఆయనకు మతి ఉందో లేదో నువ్వు చూసి చెప్పమ్మా. మా మరిది లేదంటున్నాడు. ఆయన ముందే అంటున్నాడు!”

ఆ మరిది గారు లోపల కుర్చీలో ఉన్నారు. “అన్నయ్యకేం తెలుస్తుందండీ, పాపం. అన్నిటికీ ఒకటే మాట,” అన్నారు నాతో, మాస్టారు వింటుండగానే. నాకు ఒళ్లు మండింది.

మంచాన్ని కంప్యూటర్ పక్కకు జరిపాం. ‘అదే’ అని పొట్టిగా అంటే అవునని, సాగదీస్తే కాదని అమ్మగారు ఎప్పుడూ చెప్పేవారు. అది ఆవిడ చాదస్తమని మరిది గారి నమ్మకం. నేను మాక్రోలో ఒక్కో భాగం మీద వేలు పెట్టి అడిగాను.

“ఇది పనేనాండి?”

“అదే.”

“ఇదీ పనేనా?”

“అదే.”

మూడోది బ్రాకెట్లలో ఉంది: ‘ముందు వెనుక’ అని. లిస్ప్‌లో పనిని బ్రాకెట్లలోనే రాస్తారు, ఇంక అనుమానమేముంది? “ఇదీ పనే గదండీ?”

“అదేఏఏ.”

“చూశారా?” అన్నారు మరిది గారు. అమ్మగారి మొహం పాలిపోయింది. అయినా మొండికేసి, మాస్టారు చెప్పినట్టే ‘ముందు’, ‘వెనుక’ రెండూ ఉత్త పేర్లని రాసిచ్చి మీట నొక్కాను.

డీబగ్గర్ ఈసారి గెంతలేదు. మాక్రో లోపలికి వెళ్లి ఆగింది. మళ్లీ నొక్కితే ఇంకో అడుగు. ‘రామాలయం’ ఇస్తే ప్రోగ్రాం ‘రామ’ను ముందు అనే పేరు కింద, ‘ఆలయం’ను వెనుక అనే పేరు కింద దాచుకుంటోంది. అవి పేర్లే.

“ఆయనకు అన్నీ తెలుసండీ! తెలియంది నాకే,” అన్నాను గట్టిగా. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

తర్వాత కాఫీ వచ్చింది. ‘అన్నయ్యకు ఇవ్వమంటావా వదినా’ అని అడగడం మరిది గారికి అలవాటు. ఆ రోజు గ్లాసు పట్టుకుని తనే మంచం దగ్గరికి వెళ్లి వంగారు.

“అన్నయ్యా, కాఫీ తాగుతావా?”

జబ్బు పడ్డాక తమ్ముడు ఏదైనా ఆయన్నే అడగడం నేను వినడం అదే మొదలు. మాస్టారు తమ్ముడి మొహంలోకి నిదానంగా చూశారు.

“అదేఏఏ.”

“సరే అన్నయ్యా,” అని ఆయన గ్లాసు పక్కన పెట్టేశారు.