మెత్తటి బ్రేకు

నా భార్య పది రోజులుగా ఒకటే మాట చెబుతూ వచ్చింది.

"బ్రేకు మెత్తగ పోతాంది. కాలు పెడితే నేలదాంక దిగుతాంది."

పది రోజులుగా నేనూ ఒకటే జవాబు ఇస్తూ వచ్చాను.

"కారుకేం కాలే. నీ కాలే మెత్తగున్నది. జర తిని గట్టిగ తొక్కు."

ఈ జోకుకు మొదటి రోజు నేనొక్కణ్ణే నవ్వాను. పదో రోజు కూడా నేనొక్కణ్ణే నవ్వాను.

ఆమె మా ఊరికి అవతల ఒక చిన్న దవాఖానలో నర్సు. ఇన్నాళ్లూ ఆటోలో పోయి వచ్చేది. కష్టపడి డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, సోమవారం నుంచి కారు తానొక్కతే తోలుకుపోతానంది. దారిలో కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డు దాటాలి. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే లారీలు ఎవరి కాలు మెత్తనో, ఎవరి కాలు గట్టిదో అడిగి ఆగవు. ఆ మాట నాకు శనివారం రాత్రి పడుకున్నాక గాని తట్టలేదు. తట్టాక నిద్ర పట్టలేదు.

ఆదివారం పొద్దున్నే పనికి దిగాను. ఎనిమిదో తరగతిలో బడి ఎగ్గొట్టి బోరు మోటర్ల వైండింగ్ నేర్చుకున్నవాణ్ణి నేను. కాలిపోయిన మోటరును మళ్లీ తిరిగేలా చేసేవాడికి బ్రేకు ఆయిల్ మార్చడం ఒక లెక్కా? ఫోన్‌లో రెండు వీడియోలు చూశాను. అందులో పని చేసేవాడి గోళ్లు తెల్లగా ఉన్నాయి. నాకు అక్కడే అనుమానం రావలసింది.

బానెట్ ఎత్తాను. ఎత్తి మళ్లీ దించేశాను.

సెకండ్ హ్యాండ్‌లో కొని మూడేళ్లయింది. పైన మాత్రం రోజూ అద్దంలా తుడిచేవాణ్ణి, మొహానికి పౌడరు రాసుకుని పళ్లు తోమని మనిషిలాగా. లోపల మూడు దసరాల పూజ ఉంది. మా ఇంట్లో బండి పూజ అంటే పైపైన బొట్టు పెట్టి వదలరు. బానెట్ ఎత్తి ఇంజనుకు కూడా పసుపు పూస్తారు, కుంకుమ పెడతారు, కొబ్బరి నీళ్లు చల్లుతారు. ఆ పసుపు, ఆ నీళ్లు, మా ఎర్రదుమ్ము, కారిన ఆయిలు కలిసి నల్లటి ముద్దగా పేరుకుపోయాయి. వేలు పెడితే వేలు అంటుకుంది. లాగితే తీగ సాగింది. వంటింట్లోంచి పాత గరిటె తెచ్చి గీకుతుంటే నా భార్య చూసింది.

"గా గరిటె మళ్ల వంటింట్ల వెట్టినవంటే, దానితోనే నీకు వడ్డిస్త" అంది.

బ్యాటరీ వెనక ఒక కాపురం కనబడింది. పల్లికాయ పొట్టు, సీటులోంచి పీకిన దూది, ఎప్పుడో పోయిందనుకున్న నా భార్య సాక్సు సగం. దాని మీద ఎలుక. పోయి చాలాకాలమైనట్టుంది, కొంత ఎండింది, కొంత ఎండలేదు. ఎండని భాగం గురించి రాయను. మూడు నెలలుగా ఏసీ వేసినప్పుడల్లా వచ్చే కంపుకు నేను మా నాయిన కాళ్లను అనుమానించాను. కారెక్కే ముందు ఆయనతో రెండుసార్లు కాళ్లు కడిగించాను కూడా. పట్టకారుతో ఎలుక తోక పట్టి లేపితే తోక ఒక్కటే వచ్చింది. పొద్దున తిన్న ఉప్మా గోడ పక్కకు పోయి అప్పజెప్పి వచ్చాను.

వైర్లకు పాలిథిన్ కవర్లు చుట్టి, డీజిలుతో, బ్రష్షుతో రుద్ది, సబ్బునీళ్లు పోశాను. కింద నల్లటి కాలువ పారింది. మా కోడి పురుగులేమైనా ఉంటాయేమోనని పరుగెత్తుకొచ్చి, ఒకసారి ముక్కు పెట్టి, తల విదిలించుకుని వెళ్లిపోయింది. పొద్దస్తమానం పెంటకుప్ప మీద బతికే కోడి అది.

ఇంక బ్రేకు ఆయిల్ డబ్బా. చెయ్యంతా తుడుచుకుని మూత తిప్పాను. పాతబడిన ఆయిలు టీ రంగులో ఉంటుందని వీడియోవాడు చెప్పాడు. నా డబ్బాలో కింద టీ ఉంది. పైన మాత్రం చిక్కగా, పచ్చగా, బంకలా ఇంకేదో తేలుతోంది. వేలికి రాసుకుని వాసన చూశాను. చిన్నప్పుడు కడుపు శుభ్రం కావాలని నా ముక్కు మూసి తాగించినప్పటి వాసన. ఇన్నేళ్లయినా గొంతులోంచి కదలని వాసన.

ఆముదం.

నాయిన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నేను వేలు చూపించాను.

"నాయినా, దీంట్ల ఆముదం ఎట్లొచ్చింది?"

"నేనే వోసిన" అన్నాడు, ఏదో మెచ్చుకుంటానన్నట్టు. "ఆయిలు గీత కిందికి దిగింది. రెండుసార్లు దిగింది. రెండుసార్లూ వోసిన."

"ఎవడు పొయ్యమన్నడే నిన్ను?"

"నువ్వే గదరా! కారు దెచ్చిన నాడు బానెట్ లేపి నాకు పాఠం జెప్పలే? గీ గీత కిందికి దిగితే బ్రేకు వడదు నాయినా అని. కోడలు ఒక్కతే పోతనన్నది. నువ్వేమో సూస్తలేవు. నలభై ఏండ్లు ఎడ్లబండి తోలిన. ఇరుసుకు ఆముదం వోస్తె ఏనాడన్న ఆగిందా నా బండి?"

ఆయన చెప్పింది నిజమే. ఆ రోజు ఆ డబ్బా చూపించి గీత గురించి చెప్పాను. అందులో ఏం పోయాలో చెప్పలేదు. ఎందుకంటే అప్పటికి నాకూ తెలియదు. తెలిసినవాడిలా చెయ్యి తిప్పుతూ చెప్పాను, అంతే. తెల్లారితే నా భార్య పెద్ద రోడ్డు దాటవలసింది మా నాయిన పోసిన ఆముదం మీద, నేను వేసిన జోకు మీద. ఎలుక కంటే నన్ను చూస్తేనే నాకు ఎక్కువ రోత పుట్టింది.

పశువులకు సూదేసే పెద్ద సిరంజితో డబ్బాలోది పీకేసి, కొత్త ఆయిలు పోశాను. పైపుల్లో మిగిలింది తియ్యాలంటే ఒకరు లోపల బ్రేకు తొక్కాలి, ఒకరు కింద పడుకుని చక్రం వెనకున్న చిన్న నట్టు విప్పాలి. ఆమె సీట్లో కూర్చుంది. నేను నా నల్ల కాలువలోనే వెల్లకిలా పడుకున్నాను.

"తొక్కు!"

"తొక్కిన."

"పట్టు!"

"పట్టిన. పది దినాలు నా కాలు మెత్తగున్నదంటివి గద. ఇప్పుడెట్లున్నది?"

నవ్వాపుకోలేక నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే నట్టు సందులోంచి చిమ్మింది. చేదూ జిడ్డూ కలిసి నాలుక మీద పడింది. ఉమ్మిన కొద్దీ ఇంకా ఉన్నట్టే అనిపించింది. సాయంత్రం దాకా ఏం తిన్నా అదే రుచి. ఆ రాత్రి పప్పుచారు కూడా బ్రేకు రుచే.

నాలుగు చక్రాలూ అయ్యాయి. లేచి వచ్చి నేనే తొక్కి చూశాను. కాలు మునుపటి కంటే ఒక వేలెడంత పైన ఆగింది, కానీ తడిసిన పరుపు మీద పెట్టినట్టుంది. ఒళ్లంతా కంపు, ఆకలి, పని అయిపోయిందనిపించాలని ఆత్రం.

"గట్టివడ్డది" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. "దిగు. నేను తోల్త."

ఇంటి వెనక ఖాళీ జాగా, దాని చివర మా పెంటకుప్ప. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మనిషి నడిచేంత మెల్లగా పోనిచ్చి, సగంలో బ్రేకు తొక్కింది. కారు ఆగాలా వద్దా అని ఆలోచిస్తూ ముందుకు పోయింది. ఆమె అరవలేదు. చేతి బ్రేకు గుంజింది. అప్పటికే ముందు భాగం పెంటకుప్పలోకి దిగబడింది. పొద్దంతా కడిగిన ఇంజన్లోకి పేడ, కుళ్లిన వంకాయలు, నిన్నటి కోడి బొచ్చు అన్నీ చేరాయి. ఏసీలోంచి ఆ గాలి మా ఇద్దరి మొహాల మీదికి వచ్చింది.

"ఇది పెంటకుప్ప గాబట్టి సరివోయింది" అంది ఆమె. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం ఆటోలోనే పోయింది. మెకానిక్కు ఇంటికే వచ్చి అన్నీ విప్పాడు. లోపలి రబ్బర్లు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. రాత్రంతా నానబెట్టిన శనగల్లాగా ఉబ్బి ఉన్నాయి. నాలుగు చక్రాల దగ్గరా రబ్బర్లు మార్చాలన్నాడు. పెడలు దగ్గరి పంపు పూర్తిగా కొత్తది వెయ్యాలన్నాడు. గీత దిగితే ఆముదం పోసిన సంగతి చెప్పాను.

"గీత దిగిందంటె బ్రేకు ప్యాడ్లు అరిగినట్టు, అన్నా. అవి మార్చాలె గని పైనుంచి పోస్తరా? ఎవరు అన్నా, ఆముదం వోసింది?"

అరుగు మీద నాయిన చుట్ట నోట్లోంచి తీశాడు.

"నేనే" అన్నాను నేను.

మెకానిక్కు నన్ను ఎగాదిగా చూసి, ఇంతకు ముందెన్నడూ ఇలాంటి జంతువును చూడనట్టు తల ఊపాడు. నాయిన చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు, వెలిగించలేదు.

గురువారం ఆమె కారు తీసుకుని ఒక్కతే పోయింది. పోయే ముందు నాయిన ఆమె దగ్గరికే వెళ్లి అడిగాడు. "బిడ్డా, బ్రేకెట్లున్నది?"

"గట్టిగున్నది మామా."

నేను వైండింగ్ ముందేసుకుని కూర్చున్నాను గాని ఒక్క చుట్టూ సరిగా పడలేదు. అరగంటకు ఫోను మోగింది. వెనక లారీ హారన్లు వినిపిస్తున్నాయి.

"దాటిన" అంది. "రోడ్డు కాడ తొక్కిన. ఆగింది."

నేను నోటిదాకా వచ్చిన జోకు మింగేసి, "మంచిగ తొక్కినవ్" అన్నాను. ఫోను పట్టుకున్న చెయ్యి ఇంకా ఆముదం కంపు కొడుతోంది. నాలుగు రోజులు సబ్బు పెట్టి రుద్దినా పోలేదు.