పబ్‌లో బాసింపట్టు కచేరీ

ఆ రోజుల్లో మనిషి గొప్పలు చెప్పుకుంటే పట్టుకోవడానికి ఎవరి ఫోన్‌లోనూ వీడియో ఉండేది కాదు. ఆ ధైర్యంతోనే, న్యూజెర్సీలో ఐరిష్ వాళ్ళ కెల్టిక్ సంగీతానికీ రాక్‌కీ పెళ్ళి చేసిన పురోహితుణ్ణి నేనేనని ఇన్నేళ్ళూ పార్టీల్లో చెప్పుకు తిరిగాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని కూడా అన్నాను. (నిలబడ్డమాట నిజమే. అక్కడ కుర్చీలు తక్కువ.)

ఎడిసన్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పక్క క్యూబికల్‌లో ఒక ఐరిష్ కుర్రాడు ఉండేవాడు. మేం వాణ్ణి ఎర్రగడ్డం అనేవాళ్ళం. వాడికో బ్యాండ్ ఉంది. తాతల నాటి ఐరిష్ బాణీలకు ఎలక్ట్రిక్ గిటారూ డ్రమ్సూ తగిలించేవారు. అది నచ్చకే వాళ్ళ నాన్న రెండేళ్ళుగా కొడుకుతో మాట్లాడటం లేదు. ఆయన తోలుతిత్తితో ఊదే వాళ్ళ పాత వాద్యంలో ఆరితేరిన మనిషి. అలాంటాయన ఎలాగో మెత్తబడి, ఒక్కసారి వచ్చి వింటానని తల్లిచేత కబురు పెట్టాడు. సరిగ్గా ఆ వారమే వీళ్ళ ఫిడేలువాడు మంచులో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. లంచ్‌లో ఎర్రగడ్డం దిగులుగా ఈ సంగతి చెబుతుంటే నా నోరు ఊరుకుందా? "నేను పన్నెండేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను" అనేశాను. (నాలుగేళ్ళు. అందులో వేసవి సెలవులు తీసేయాలి.)

రూమ్‌మేట్ విని తల పట్టుకున్నాడు. "ఏంది మామా, నువ్వు వర్ణాలే దాటలేదు కదరా! తండ్రీకొడుకుల మ్యాటర్ అది. పోయి సారీ చెప్పెయ్."

"ఒక్క రిహార్సల్ చాలు, మేనేజ్ చేస్తాలే" అన్నాను. ఆ ఒక్క రిహార్సల్ రోజే ఆఫీసులో సర్వర్ పడుకుంది, నేను వెళ్ళలేకపోయాను.

శనివారం మధ్యాహ్నం పబ్‌లో స్టేజి ఎక్కి, బూట్లు విప్పి, దుప్పటి పరిచి, బాసింపట్టు వేసుకుని వయొలిన్ తలను పాదం మీద ఆనించాను. మైకు నా నెత్తికి మూడడుగుల పైన ఉంది. డ్రమ్మర్ లేచి నిలబడి, "ఆ వయొలిన్ అతను ఏడీ?" అని వెతుక్కున్నాడు. ఎర్రగడ్డం మైకు కిందికి దించుతూ, "అంతా ఓకేనా?" అన్నాడు. "మా పద్ధతి ఇదే" అన్నాను గంభీరంగా.

బాణీ మొదలైంది. నేను మొదటి స్వరానికి గమకం పెట్టి తేరుకునేలోపు వాళ్ళు అంతా వాయించేసి మళ్ళీ మొదటికొచ్చారు. బార్ చివర తెల్ల మీసాల పెద్దాయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఇక గతిలేక, తంబూరా లేని రోజు మా మాస్టారు చేయించినట్టు, వాళ్ళ శ్రుతికి కలిపిన రెండు ఖాళీ తీగల మీద కమాను పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, చివరిదాకా ఆ శ్రుతినే లాగుతూ కూర్చున్నాను.

అయిపోగానే పెద్దాయన నేరుగా స్టేజి మీది కొడుకు దగ్గరికి వచ్చాడు.

"నీ గోలకి ఇన్నాళ్ళకి కాళ్ళ కింద నేల దొరికిందిరా. నా తిత్తిలో ఆగకుండా మోగే ఆ శ్రుతిని పారేశావనే కదా నా బాధ!"

"చెప్పొచ్చుగా డాడ్?"

"మాట్లాడటం లేదుగా నీతో!"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. తరవాత ఆయన నా వైపు తిరిగి, "అంత నిగ్రహం ఎవరు నేర్పారు బాబూ నీకు?" అని అడిగాడు. "మా సంప్రదాయం సార్" అని వినయంగా తల వంచాను.

నిగ్రహమూ కాదు, సంప్రదాయమూ కాదు, వట్టి భయం. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు జుట్టంతా తెల్లబడాల్సి వచ్చింది. మనసు తేలికపడింది. అయినా, ఆ రెండో తీగ మాత్రం ఆ రోజు భలే పలికిందండీ.