ఐదో తరగతి రాజ్యాంగం

నిన్న ఆఫీసులో జెండా గద్దె చుట్టూ సున్నం చల్లుతుంటే, ఆ వాసనకు 2012 నాటి మా గౌడవెల్లి బడి గుర్తొచ్చింది. అక్కడ బ్యాటు ఎప్పుడూ ఐదో తరగతి వాళ్లదే, నాలుగులో ఉన్న మాకు ఫీల్డింగే. అడిగితే "ఐదుకు రార్రి, అప్పుడు జూద్దాం" అనేవారు.

వాళ్లు హైస్కూలుకు పోగానే మైదానం మాదైంది. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం రాసుకున్నారని సారు చెప్పారు కాబట్టి, మేమూ నోట్సు చివరి పేజీలో రాసుకున్నాం: అందరికీ బ్యాటింగ్. కింద మా క్లాసంతా సంతకాలు పెట్టాం.

మూడో తరగతి చదివే మా చెల్లెలు అది చదివి, "గట్లయితే నాక్కూడ ఇయ్యక్కా" అంది.

జీవితంలో మొదటిసారి బ్యాటు నా చేతిలో ఉంది.

"ఐదుకు రా, అప్పుడు జూద్దాం" అన్నాను.

అది పోయి ఫీల్డింగ్‌లో నిలబడింది.

మేము రాసుకున్నదాంట్లో తప్పేమీ లేదు. అమలు మాత్రం బ్యాటు పట్టుకున్నవాళ్లకు వదిలేశాం.