పన్నెండు టిక్కులు, ఒక పుష్యమాసం

సర్వీసు రిపోర్టులోని పన్నెండు గళ్ళలోనూ టిక్కులు పెట్టి, ప్రిన్సిపాల్ గారి చేత సంతకం చేయించుకుని, స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాక, కంప్యూటరు లోపల ఎవరో కోరాం మీద కొబ్బరి కోరుతున్నట్టు చప్పుడు మొదలైంది. కాసేపు ఆగింది. మళ్ళీ కోరింది. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్కు సన్నగా హమ్ అంటుంది, అంతే. కొబ్బరి కోరుతోందంటే దానికిక ఎన్నో గంటలు లేవని అర్థం.

అది రెండువేల రెండు జనవరి చివరి వారం, పాలకొల్లులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను అప్పట్లో రాజమండ్రిలో ఒక చిన్న కంప్యూటర్ల సంస్థలో సర్వీసు ఇంజనీరుని. హోదా వినడానికి గంభీరంగా ఉండేది. పని మాత్రం బ్రష్షు, బ్లోయరు సంచిలో వేసుకుని బస్సులెక్కడం. ఆ ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయింది. పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను, పగలు ఇంట్లో కంప్యూటరు వాళ్ళది.

ఏడాది కాంట్రాక్టు ఉన్న ప్రతి ఆఫీసుకూ నెలకోసారి వెళ్ళి చేసే పనిని ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అంటారు, పాడవకముందే చూడటమన్నమాట. మూత విప్పి దుమ్ము ఊదాలి, ఫ్యాను తిరుగుతోందో లేదో చూడాలి, వైరస్‌లు వెతకాలి, కీబోర్డు తిరగేసి దులపాలి. కొన్ని ఆఫీసుల కీబోర్డుల్లోంచి రాలిన జంతికల ముక్కలతో ఒకరి టిఫిను వెళ్ళిపోయేది. చివరి గడి బ్యాకప్. అసలు ఫైలు పోతే వాడుకోవడానికి ఫ్లాపీలో దాచిన నకలును తెరిచి చూడటం.

ఇవన్నీ చేశాక రిపోర్టు నింపాలని నియమం. మేం వెళ్ళగానే నింపేసేవాళ్ళం. సంతకం పెట్టాల్సిన పెద్దమనిషి ఎప్పుడు మీటింగుకు లేస్తారో తెలియదు. ఆయన కోసం కూర్చుంటే నాకు నాలుగున్నర బస్సు పోతుంది, పిల్లలు పక్కింటి గుమ్మంలో బడి సంచులతో కూర్చుంటారు. అందుకని ముందు సంతకం, తర్వాత పని. కార్బన్ పెట్టి మూడు ప్రతులు రాస్తాం కాబట్టి చెరపడానికీ వీల్లేదు.

చప్పుడు విని కామేశ్వరరావు గారు వచ్చారు. టైపిస్టుగా చేరి, టైపు మిషన్లు మూలపడ్డాక కంప్యూటరు నేర్చుకున్న ఆపరేటరు. యాభై దాటాయి. ఏడాదికోసారి రెన్యువల్ చేసే ఉద్యోగం.

"ఏంటమ్మా, దుమ్మేనా?"

"దుమ్ము కాదండి. డిస్కు పోతోంది."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. అందులో నాలుగు వందల పన్నెండు మంది పరీక్ష దరఖాస్తుల వివరాలున్నాయి. వాటి ఫ్లాపీ ఆ సాయంత్రం ఆరింటి బస్సులో యూనివర్సిటీకి వెళ్ళాలి. అందులో పేరు లేనివాళ్ళకు హాల్‌టికెట్ రాదు. కాగితం దరఖాస్తులు రెండు రోజుల ముందే కట్ట కట్టి పంపేశారు.

"బ్యాకప్ ఉందిగా, కంగారెందుకండి" అన్నాను, నేను పెట్టిన టిక్కును నేనే నమ్మి. ఫ్లాపీ తెరిచాను. పదకొండు పేర్లున్నాయి. ఫైలు తేదీ ఫిబ్రవరి పదిహేను. మేమింకా జనవరిలో ఉన్నాం.

కామేశ్వరరావు గారు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, "పుష్యమాసం కదమ్మా" అన్నారు.

పుష్యం శూన్యమాసం, కొత్త పని మొదలుపెట్టకూడదు. ప్రిన్సిపాల్ గారు ఆగనన్నారు. అంతమంది పిల్లల పరీక్షలు కదా అని ఈయన మొదటి రోజు కంప్యూటరు తేదీని మాఘ శుద్ధ తదియకు, అంటే ఫిబ్రవరి పదిహేనుకు జరిపి, పదకొండు పేర్లు కొట్టి, బ్యాకప్ తీసి, మర్నాడు తేదీని మళ్ళీ వెనక్కి తెచ్చేశారు. మేం పెట్టిన బ్యాకప్ ప్రోగ్రాం, ఫ్లాపీలో ఉన్నదానికంటే కొత్త తేదీ ఉన్న ఫైలునే కాపీ చేస్తుంది. దాని లెక్కలో ఫ్లాపీలోది మాఘమాసపు ఫైలు, డిస్కులోది పుష్యమాసపు ఫైలు. పాతదాన్ని కొత్తదాని మీద వేయడమెందుకని రోజూ సాయంత్రం 'జీరో ఫైల్స్ కాపీడ్' అని తెర మీద చెప్పి ఊరుకుంది. ఈయన రోజూ దాన్ని చూసి ఇంటికెళ్ళారు.

"జీరో అంటే తప్పులేం లేవనుకున్నానమ్మా!"

కంప్యూటరు ఆపేసి, డిస్కు విప్పి చల్లారడానికి ఫ్యాను కింద పెట్టాను. ఈ స్థితిలో దాన్ని పరీక్షించకూడదు, బాగుచేయబోకూడదు. తిరిగే ప్రతి నిమిషమూ దాని ఆయుష్షులోంచే పోతుంది. కామేశ్వరరావు గారు దానికి విభూతి రాయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"పిన్నుల్లోకి పోతుందండి."

"పోనీ, పక్కన పెడతానమ్మా" అని బల్ల మీద పెట్టారు.

గంట తర్వాత లైబ్రరీ కంప్యూటరుకు ఆ డిస్కును రెండోదిగా తగిలించి, ఆ ఒక్క ఫైలునే కాపీ చేయబోయాను. రెండుసార్లు రాలేదు. మూడోసారి మూడు వందల యాభై ఒక్క పేర్లు వచ్చాక కొబ్బరి అయిపోయింది. మిగిలిన అరవై ఒక్కటీ అడ్మిషన్ రిజిస్టరులోంచి ఆయన చదువుతుంటే నేను కొట్టాను. అయిదూ నలభైకి లైబ్రేరియన్ స్కూటరు మీద ఫ్లాపీ బస్‌స్టాండుకు వెళ్ళింది.

ప్రిన్సిపాల్ గారు మీటింగు నుంచి వచ్చి అంతా విన్నారు. అరవలేదు. అదే భయంగా ఉంది.

"నీదేం లేదమ్మా. నీ రిపోర్టు ప్రకారం పదింటికి అన్నీ బాగానే ఉన్నాయి. ఆపరేటరు తేదీ మార్చినందువల్ల అని కింద రాసిచ్చి వెళ్ళు. మిగతాది నేను చూసుకుంటా."

మిగతాది అంటే రెన్యువల్. కామేశ్వరరావు గారు విభూతి పొట్లం జేబులో పెట్టుకున్నారు.

ప్రిన్సిపాల్ గారు రాయమన్న వాక్యం నిజమే. పైనున్న పన్నెండు టిక్కులే అబద్ధం, ఆ అబద్ధమే నన్ను కాపాడుతోంది. నాకు ధైర్యమేం రాలేదు. ఇద్దరు పిల్లల స్కూలు ఫీజులు గుర్తొచ్చాయి. అయినా కార్బన్ సర్ది రాశాను: 'ఆపరేటరు తేదీ మార్చారు. మొదటి రోజు తర్వాత బ్యాకప్ పడలేదు. పై పన్నెండు అంశాలూ పని మొదలుపెట్టకముందే టిక్కు చేశాను, ఏదీ పరీక్షించలేదు.'

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. "మరి నేను దేని మీద సంతకం పెట్టానమ్మా పొద్దున?"

"ఖాళీ కాగితం మీదేనండి."

ఆ కాగితాన్ని ఆయన సొరుగులో వేసి తాళం పెట్టారు. ముగ్గురి తప్పూ ఉన్న కాగితాన్ని ఎవరూ పైకి పంపరు. కామేశ్వరరావు గారికి మెమో ఒక్కటే వచ్చింది, జూన్‌లో రెన్యువల్ అయింది. మూడో ప్రతి చదివిన మా మేనేజరు నన్ను రెండు నెలలు ఊళ్ళకు పంపకుండా వర్క్‌షాపులో కూర్చోబెట్టి కీబోర్డులు కడిగించాడు.

నేర్చుకున్నది చిన్నదే. బ్యాకప్ ఉందా అని అడిగితే ఎవరైనా ఉందంటారు. ఆ ఫ్లాపీని వేరే కంప్యూటరులో తెరిచి, చిట్టచివరి పేరు కంటితో చూసినప్పుడే అది ఉన్నట్టు. సంతకం ఆ తర్వాత.

పాలకొల్లు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున పిల్లలకు పెసరట్టు పెడుతూ హోంవర్కు సంగతి అడిగాను. రెండో తరగతి చదివే మా పెద్దది, అయిపోయిందంది. చిన్నాడు నాదీ అన్నాడు.

"అయిపోయిందని చెప్పొద్దు. పుస్తకం తెచ్చి చివరి పేజీ తెరిచి చూపించండి" అన్నాను. "రేపటి నుంచి నేను అన్నం అయిపోయిందన్నా సరే, మీరూ గిన్నె మూత తీసి చూడండి."