తృణమణిలో ముక్కుపురుగు

సాయంత్రం నీళ్లు పోసి పాపాయికి సాంబ్రాణి పొగ వేస్తుంటే, ఆ వాసనకి నరసమ్మ పంతులమ్మగారు గుర్తుకొచ్చారు. రాజమహేంద్రవరంలో చిన్నప్పుడు నాకు చదువు చెప్పింది ఆవిడే. ఆవిడ దగ్గర తేనెరంగు తృణమణి ఒకటి ఉండేది. ఏ కాలంలోనో చెట్టు కార్చిన బంక గట్టిపడి రాయైనది. బర్మాలో, రంగం రేవులో కలప గుమాస్తాగా ఉన్న భర్త పంపారట. మణి వచ్చింది గానీ మనిషి రాలేదు; పోయారని కబురొచ్చింది. ఆయన గుర్తుగా ఆవిడకు మిగిలింది అదొక్కటే.

అందులో నూగింజంత పురుగు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కుతో. భూతద్దంలోంచి చూసి, "మన బియ్యంలో ముక్కుపురుగేనండీ! దానికి తాతండి ఇది," అన్నాను.

ఆవిడ నవ్వారు. "ముసలాడు కనబడితే తాతేనా ఏంటే? తాతగారి పినతండ్రి కొడుకు కాకూడదా? వరస తేలాలంటే మీసం చూడాలి. బియ్యప్పురుగు మీసం మోచెయ్యిలా మడిచి ఉంటుంది. మరి దీనిదో?"

మీసం దగ్గర మణి మసకబారి ఉంది. అరగదీస్తేగానీ కనబడదు, అరగదీస్తే పగలవచ్చు. ఆవిడ గంధం సాన తెచ్చి నా ముందు పెట్టారు.

"నా చేతులు వణుకుతాయి. నువ్వు రుద్దు."

"పగిలితేనండీ?"

"పగిలితే పగిలింది. ఆయన దీన్ని దాచుకోమని పంపలేదే, చూడమని పంపారు."

నీళ్లు చిలకరించి రుద్దాను. వేడెక్కిన మణిలోంచి సాంబ్రాణి లాంటి వాసన వచ్చింది. మసక పలచబడుతుండగా చిటుక్కుమంది. పగులు పురుగు కాలిదాకా పాకింది. నేను భోరున ఏడ్చేశాను. ఆవిడ అద్దం లాక్కుని వంగిపోయారు.

"మడత లేదే! తిన్నగా ఉంది! ఏడుపాపి చూడవే మొద్దూ!"

చూశాను. పూసలు గుచ్చినట్టున్న సన్నని మీసం. మనిషనేవాడు పుట్టకముందు, ఏ అడవి గాలినో తడుముతూ చాచింది, చాచినట్టే ఉంది. ఊపిరి బిగబట్టి ఇంకా దగ్గరగా వంగి చూశాను.

"అయితే తాత కాదే, దాయాది," అన్నారావిడ మెల్లిగా. "ఎప్పుడో వేరుకాపురం పెట్టేసిన శాఖ." ఆ పగులు మీద వేలితో ఒక్కసారి నిమిరారు, అంతే.

తరవాత చెన్నపట్నం కాలేజీలో ఎన్నో పురుగుల్ని అద్దాల కింద చూశాను. అలా ఊపిరి బిగబట్టింది మాత్రం ఆ ఒక్కసారే.

పాపాయి పుట్టిన దగ్గర్నుంచీ నాకు అన్నీ భయాలే. గాలి తగలనివ్వను, చుట్టాల చేతికివ్వను. ఇప్పుడు కూడా ఇది రాస్తూ రాస్తూ లేచి దాని ఊపిరి చూసి వస్తున్నాను. అయినా రేపు పొద్దున్న దాన్ని వాకిట్లో చాప మీద వెల్లకిలా పడుకోబెడతాను. చీమలొస్తాయేమో, ఎండ తగులుతుందేమో. పక్కనే కూర్చుంటాను. ఆకాశం ఎంత ఉందో అది కూడా చూడాలి కదా.