పొగ చూసే హుసేనమ్మ

నా నోరు మంచిది కాదని ఆస్పరిలో అందరికీ తెలుసు. నా పనిలో తప్పు పట్టినవాణ్ణి షెడ్డు బయటిదాకా తిట్టుకుంటూ సాగనంపిన రోజులున్నాయి. అలాంటి యేసేపును, ఇరవై ఏళ్లుగా లారీల కిందే బతుకుతున్న మెకానిక్కును, ఒక టీకొట్టు ముసలమ్మ నడిరోడ్డు మీద నవ్వులపాలు చేసింది. చేస్తే చేసింది గానీ, ఆ మనిషి గురించి చెప్పకుండా ఉండలేను.

హుసేనమ్మ కొట్టు ఆదోని దాటాక ఉరుకుంద దారిలో, మిట్ట మధ్యలో ఉంటుంది. లోడుతో ఎక్కే ప్రతి లారీ సరిగ్గా ఆమె ముందే గేరు మార్చి బుస్సుమని పొగ వదులుతుంది. ఆ మసంతా పోయి ఆమె పాలగిన్నెలో పడేది. కొట్టు పెట్టిన కొత్తలో గంటె పట్టుకొని రోడ్డు మీదికొచ్చి డ్రైవర్లను కడిగిపారేసేదట. "నీ బండికేం రోగమప్పా, నా పాలన్నీ మసి సేస్తాండావు?" అని. వాడు బాగుచేయించుకొని తిరిగొచ్చినప్పుడు, ఏం తేలిందో చెబితేగానీ టీ పోసేది కాదు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పద్ధతి. స్టీరింగు ముట్టని మనిషికి పొగలన్నీ కంఠస్థం వచ్చేశాయి. నీలం పొగైతే ఇంజిను ఆయిలు తాగుతోందని, నల్ల పొగైతే డీజిలుకు తగ్గ గాలి అందడం లేదని కూర్చున్నచోటు నుంచే చెప్పేస్తుంది.

డ్రైవర్లు ఈ సంగతి చెప్పినప్పుడు నేను పకపకా నవ్వాను. "పొగ సూసి సెప్పేదానికి మెకానిక్కెందుకురా, సోదెమ్మ సాలదా?" అన్నాను. ఆ మాట ఆమె చెవిన పడింది. టీ వడపోసుకుంటూ ఉండిపోయిందట.

పోయిన శ్రావణంలో ఈరప్ప ఇంజిను చెడిన బండితో నా షెడ్డుకొచ్చాడు. ఈరప్పకు ఒక పాత లారీ, దాని వెనక తగిలించే ట్రాలీ, ట్రాలీ నిండా విప్పి పేర్చిన పెద్ద రాట్నం, అంతే ఆస్తి. ఊరూరా తిరునాళ్లకు పోయి రాట్నం నిలబెట్టి పిల్లల్ని తిప్పుతాడు. అన్నిటికంటే పెద్దది ఉరుకుంద ఈరన్న తిరునాళ్లు. అక్కడ మలుపు దగ్గర మంచి జాగా తొమ్మిదేళ్లుగా అతనిదే. ఈసారి మాత్రం శనివారం సాయంత్రం అయిదు లోపల సామాను దించకపోతే జాగా వేరేవాళ్లకు పోతుందని ఖండితంగా చెప్పారు. "ఆ జాగా పోతే ఈ యేడు నేను రాట్నం అమ్ముకోవల్ల అన్నా," అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఎవరైనా ఏడిస్తే కోపం వస్తుంది. "మూసుకోని కూర్చో, బండి కట్టిచ్చే పూచీ నాది," అన్నాను.

నాలుగు రోజులు ఇంజిను విప్పి కట్టాను. శనివారం పొద్దున ఉత్త లారీని ఊరవతలికి తోలి చూశాను. గుర్రంలా పోయింది. ఈరప్ప సంబరం పట్టలేక టెంకాయ కొట్టి, లారీకి దండ వేసి, ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన కొత్త తువ్వాలు తెచ్చి నా భుజాన కప్పాడు. నేను గొప్పకు పోయి, "నాకెందుకప్పా, కష్టపడేది బండి గదా," అని ఆ తువ్వాలును లారీ నెత్తికే రుమాలుగా, తలపాగాలా చుట్టాను. అక్కడున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కొత్తగా కట్టిన బండి మొదటి లోడుకు పోతే పక్కన కూర్చోవడం నా పద్ధతి. ట్రాలీ తగిలించి బయలుదేరాం.

ఆదోని దాకా అద్దంలో సన్నగా నలుపు కనిపిస్తూనే ఉంది. కొత్తగా కట్టిన ఇంజిను, సర్దుకుంటుందిలే అనుకున్నాను. మిట్ట ఎక్కేసరికి బట్టీలోంచి వచ్చినట్టు కారునల్లటి పొగ లేచింది. వెనక బస్సు కనిపించకుండా పోయింది. బండి లాగలేక లాగలేక హుసేనమ్మ కొట్టు ముందే ఆగింది. ఆగడానికి ఇంకో చోటే దొరకలేదా దీనికి!

అప్పుడు మధ్యాహ్నం రెండు. ట్రాలీ బ్రేకులు పట్టేశాయేమోనని చక్రాలన్నీ తడిమాను. లేదు. గాలి ఫిల్టరు విప్పాను. కొత్తది, మల్లెపూవులా ఉంది. డీజిలు గొట్టాలు చూశాను. "యాడ పోయించినావు ఈ డీజిలు?" అని ఏ పాపమూ ఎరగని ఈరప్ప మీద పడ్డాను. మూడయింది. ఇక మిగిలింది డీజిలు పంపు. దాన్ని విప్పి ఆదోనికి పంపితే రేపటిదాకా రాదు. ఆ మాట చెప్పగానే ఈరప్ప రోడ్డు మీదే చతికిలబడ్డాడు.

"యేసేపా, ఒక మాట అడగనా?" అంది హుసేనమ్మ కొట్టులోంచి.

"అడుగు," అన్నాను పళ్లు కొరుకుతూ.

"ట్రాలీ లేకుండా తోలినప్పుడు పొగ రాలేదు గదా?"

"రాలేదు."

"లాగేటప్పుడే వస్తాందంటే దానికి ఊపిరి సాలడం లేదప్పా. మనిషికైనా మూట ఎత్తుకున్నాకనే గదా రొప్పు."

"ఫిల్టరు కొత్తదక్కా! నా సేతుల్తో ఏసినాను!" అని అరిచాను.

"ఏసినావులే, నేను కాదన్లేదు. ఫిల్టరు దాకా గాలి రావల్ల గదా? ఈరప్పా, ఎక్కి రేజ్ సెయ్యి."

ఈరప్ప ఎక్కి తొక్కాడు. ఇంజిను గర్జించింది, పొగ కమ్మింది. హుసేనమ్మ గంటె ఎత్తి లారీ నెత్తి వైపు చూపించింది. క్యాబిను వెనక నిలువుగా లేచిన గొట్టం ఉంది చూశారూ, ఇంజిను గాలి పీల్చేది దాని గుండ్రటి తల నుంచే. ఆ తలకే నా తువ్వాలు. రేజ్ చేసినప్పుడల్లా అది సొట్టబుగ్గల్లా లోపలికి పీల్చుకుపోతోంది. నేను మూడుసార్లు చూసి కూడా చూడలేదు. పూజ చేసి కట్టిందాన్ని ఎవరు ముడతారు?

"ముక్కు మూసి ముద్ద పెడతాండారే! బండికి రుమాలు సుట్టిన మారాజు ఎవురప్పా?" అంది.

ఈరప్ప నా వైపు చూశాడు. టీ తాగేవాళ్లందరూ నా వైపే చూశారు. నేను ఎక్కి ముడి విప్పాను. ఈరప్ప మళ్లీ తొక్కాడు. ఒక్కసారి నల్లగా దగ్గి, ఆ తర్వాత పొగ జాడే లేదు. ఈరప్ప కిందికి దూకి ఆమె కాళ్లకు మొక్కబోతే, "ఛీ, లెయ్యి, టయిమైపోతాంది!" అని కసిరింది.

నాకు గొంతెండిపోయి ఉంది. "టీ పొయ్యక్కా," అన్నాను.

"ఏం తేలిందో సెప్పు, పోస్తా."

తెలిసి అడుగుతోంది! జనమంతా చెవులు రిక్కించారు. "తప్పు నాదే. బండిని నా గొప్ప కోసం ఊపిరాడకుండా సేసినాను. సోదెమ్మ అన్నదీ తప్పే," అన్నాను. ఆమె పడీపడీ నవ్వింది. టీ పోసింది. ఏలకులు కూడా దంచి వేసింది. నేను ఆ తువ్వాలు దులిపి ఆమె భుజాన కప్పాను. ఇప్పుడు చెబుతున్నా, నా జన్మలో అంత తృప్తిగా ఎవరికీ ఏమీ ఇవ్వలేదు.

బయలుదేరేముందు ఈరప్ప అడిగాడు, "రాట్నం ఎప్పుడన్నా ఎక్కినావా పెద్దమ్మా?"

"తిరునాళ్లప్పుడే గదప్పా నాకు యాపారం. ఇరవై ఆరేండ్లుగా పోయేటోళ్లకు టీ పోస్తాండా, నేను పోయింది యాడ?"

"సోమారం మొదటి సుట్టు నీది. వస్తేనే తిప్పుతా."

నాలుగుంబావుకు మలుపులో సామాను దించాం. జాగా ఈరప్పదే అయింది. సోమవారం పొద్దున రాట్నం నిలబెట్టి, పిల్లలు వరస కట్టి గోల చేస్తున్నా ఈరప్ప తిప్పలేదు. తొమ్మిది గంటల బస్సులోంచి హుసేనమ్మ దిగింది, భుజాన ఎమ్మిగనూరు తువ్వాలుతో. మొదటి తొట్టెలో కళ్లు గట్టిగా మూసుకొని కూర్చుంది. రెండో చుట్టుకు కళ్లు తెరిచింది. మూడో చుట్టుకు చిన్నపిల్లలా కేకలు పెట్టింది. సరిగ్గా శిఖరానికి చేరినప్పుడు చెయ్యి చాచి దారి వైపు చూపించింది.

"యేసేపా! ఆ వస్తాండే ఎర్ర లారీ సూడు! నీలం పొగ! పోయి ఆపు!"

పరుగెత్తి ఆపాను. ఆయిలు కొలిచే పుల్ల బయటికి తీసి చూస్తే తడి చివర మాత్రమే ఉంది. పుల్లను పైకెత్తి, ఆయిలంతా ఇంజినే తాగేసిందని ఆమెకు వినబడేలా గొంతు చించుకొని చెప్పాను. చెప్పకపోతే ఈసారి టీ పోయదు.