మిద్దె మీది నుండి నన్ను దించిన దేవుడు

సహోదరులారా, ఊరంతా ఏడ్చి సాగనంపాక అదే ఊళ్లో దాక్కొని మిగిలిపోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఆ మనిషిని నేనే! నా పేరు దానేలు. బోధన్‌లో మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ గోడ వెనక సందులో మా ఇల్లు. సభలకూ పెళ్లిళ్లకూ మైకు సెట్టు కట్టడం నా పని, అసలు నా గొంతుకు మైకే అక్కర్లేదని రుద్రూర్ చెరుకు తోటల్లో నక్కలు కూడా ఒప్పుకుంటాయి. అలాంటి గొంతున్న నేను ఒక ఎండాకాలమంతా గుసగుస కూడా లేకుండా బతికాను. భయపడేవారుంటే పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకొని చదవండి.

నా భార్య సువార్త ఒక చలిదేశంలో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగానికి వెళ్లింది. ఆ దేశం పేరు పలకాలంటే నా నాలుక జిలేబీలా మెలికలు తిరుగుతుంది గనుక చలిదేశమనే అంటాను. భర్తను కూడా పిలిపించుకోవచ్చంటే దరఖాస్తు పెట్టుకున్నాం, వైద్య పరీక్షలయ్యాయి, వేలిముద్రలయ్యాయి, ఇక పాస్‌పోర్టు మీద వీసా ముద్ర పడడమే మిగిలింది. "వారంల ముద్ర పడ్తదన్నా, గా తెల్లారే విమానం," అన్నాడు నిజామాబాద్‌లోని మా ఏజెంటు. ఇంకేముంది, మా సంఘం ఆగుతుందా! మా దగ్గర ఎవరైనా దూరదేశం పోతున్నారంటే వీసా వచ్చినా రాకున్నా వీడ్కోలు ప్రార్థన మాత్రం ముందే అయిపోవాలి. నాకోసం కోసిన పొట్టేలు ఎంత పెద్దదంటే దాని కొమ్ములకు నా హారన్లు రెండూ కట్టి ఊరేగించవచ్చు! ఆ పూట కారిన కన్నీళ్లు చూసి నిజాంసాగర్ కాలువ సిగ్గుపడింది! నేనూ తక్కువ తినలేదు, నా మైకు సెట్టును చర్చికి కానుకగా ఇచ్చేశాను, మంచాన్నీ సైకిలునూ అడిగినవారికల్లా పంచాను, కింది ఇంటిని జక్రాన్‌పల్లి నుండి వచ్చిన కొత్త దంపతులు రాజుకూ భాగ్యకూ అద్దెకిచ్చాను, పై గదికి మాత్రం తాళం వేసి, ముద్ర పడిన పాస్‌పోర్టు హైదరాబాదులో తీసుకొని అటే విమానమెక్కుదామని మెడలో దండతో సూట్‌కేసు పట్టుకొని రాజులా బయల్దేరాను.

నిజామాబాద్ బస్టాండులో హైదరాబాదు బస్సు మెట్టు మీద కాలు పెట్టానో లేదో ఏజెంటు ఫోను.

"దానేలన్న, బస్సెక్కకు. ఆడ సర్కారు నౌకర్లు హర్తాల్ జేస్తున్నరట. ముద్రలు బంద్."

"తెల్లోళ్లు గూడ హర్తాల్ జేస్తరా?"

"ఆళ్లకు గూడ కడుపులుంటయ్ గదనే!"

"మరెప్పుడైతదిరా?"

"రేపైతదేమో. ఎల్లుండైతదేమో. నాకెర్క లేదన్నా."

సహోదరులారా, ఆ బస్టాండులో నా మెడలోని బంతిపూల దండ ఒక్కసారిగా ఇనుప గొలుసంత బరువైపోయింది. అంత పొట్టేలు తిన్నాక, అంతమంది ముక్కులు చీదుకున్నాక, సాయంత్రానికే తిరిగి వచ్చి "వందనాలు" అని ఏ ముఖంతో అనగలను? రేపు సమ్మె అయిపోతుంది, ఈ ఒక్కరోజు దాక్కుంటే చాలుననుకున్నాను. మసక చీకటి పడే వేళ చెరుకు తోటల గట్టు మీదుగా వచ్చి, వెనక మెట్లెక్కి, ముందు తలుపు తాళం అలాగే ఉంచి, నా పై గది వెనక తలుపు తీసుకొని దొంగలా లోపలికి దూరాను. ఆ ఒక్కరోజు ఎండాకాలమంతా సాగింది!

మా గదికి ఎదురుగానే చర్చి. ఆదివారం నా మైకులోంచే, నేను ఇచ్చిన హారన్లోంచే పాస్టరయ్య ప్రార్థన వచ్చింది: "ప్రభువా, మా దానేలును ఆ మంచులో వెచ్చగా కాపాడుము, అతని వేళ్లు గడ్డకట్టనీయకుము!" బోధన్ ఎండకు రేకు కప్పు కింద నేను అప్పడంలా వేగుతున్నాను, నా వేళ్లు గడ్డకట్టకుండా సంఘమంతా "ఆమేన్" అంటోంది! మొదట నవ్వొచ్చింది. తరువాతి ఆదివారం నవ్వు రాలేదు. ఆ తరువాత, వాళ్లు ప్రార్థిస్తున్నది నాకోసం కాదనీ, నిజంగానే అక్కడికి పోయిన వేరే దానేలు కోసమనీ అనిపించడం మొదలైంది.

మా కిటికీ కిందనే బోరింగు. నీళ్లకొచ్చినవాళ్ల మాటలు వినబడేవి.

"ఎస్తేరవ్వా, దానేలన్న మోకాళ్లదాక మంచుల నడుస్తుండట!"

"నడవనీ తియ్. ఆడి ఎన్న తిని లావైండట. ఆడి చర్చిల పాట గూడ పాడిండట."

ఎస్తేరవ్వ మా సందుకు పెద్ద, ఆమె భర్త ఆ ఫ్యాక్టరీలో పని చేసి, ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారని ఎదురుచూస్తూనే కన్నుమూశాడు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. కానీ గోరంతను కొండంత చేయడం ఆ సందుకు నేర్పింది నేనే కదా, నా విద్యే నన్ను పట్టుకుంది! అక్కడి దానేలు లావవుతున్న కొద్దీ ఇక్కడి దానేలు బక్కచిక్కాడు, వాడు వెన్న తింటుంటే నేను అటుకులు బుక్కాను, వాడు పాటలు పాడుతుంటే నా గొంతు పూడుకుపోయింది. పాలు కొనడానికి తెల్లవారుజామున ముఖానికి తువ్వాలు చుట్టుకొని దిగితే, నా చేతి అన్నం తిని పెరిగిన మా సందు కుక్క నన్ను చూసి తోక ఊపలేదు, మొరగనూ లేదు, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని నన్ను దాటి అటువైపు చూసింది. ఆ చూపుకు నా వెన్నులో చెరుకురసం బండి ఐసుగడ్డ జారింది!

ఇంకొకటి చెబుతాను. మిట్ట మధ్యాహ్నం సందు సద్దుమణిగాక ఫ్యాక్టరీ సైరను మోగేది. ఎన్నో ఏళ్లుగా మూతబడిన ఫ్యాక్టరీ సహోదరులారా, దాని యంత్రాల మీద చెట్లు మొలిచాయి! అయినా సన్నగా, ఎక్కడో నేల అడుగున మూలుగుతున్నట్టు సైరను వినబడేది. కిటికీ సందులోంచి చూస్తే కిందివాళ్లెవరూ తలెత్తేవారు కారు. నాకొక్కడికే వినబడుతోందంటే నేనేమైపోయినట్టు? అద్దంలో చూసుకునే ధైర్యం కూడా పోయింది. వీసా వచ్చి, నేను ఆ దేశం పోయి, సువార్త ఇంటి తలుపు తడితే, లావుపాటి దానేలొకడు తలుపు తీసి "ఎవరు కావాలె?" అంటాడని రోజూ భయమే.

సువార్తకు ఆదివారమే సెలవు. ఫోను చేస్తే మొదటి మాట అదే.

"ఏడున్నవ్?"

"మిద్దెలనే," అనేవాణ్ణి, దిండు కింద తల పెట్టుకొని.

"ఇంకా చెప్పలేదా ఎవ్వలకు?"

"రేపు హర్తాల్ ఖతమైతదట, ఇప్పుడు చెప్పుడెందుకు?"

"నువ్వు చెప్పకుంటే నేనే పాస్టరయ్యకు చెప్త, చూడు మరి!"

"నీ కాళ్లు మొక్కుత, ఒక్క వారమాగు!"

ఆ రోజుల్లో నా ప్రార్థనలు కూడా ప్రార్థనలు కావు. "ప్రభువా, ఆ సమ్మె చేసేవాళ్ల టెంట్ల మీద వడగళ్లు కురిపించుము!" అని వేడుకునేవాణ్ణి. ఆకాశం ఆ మాట వినలేదు, అందుకు ఇప్పుడు స్తోత్రం!

రాజూ భాగ్యా పనికి పోయాక ఒక్కోసారి నేను కిందికి దిగేవాణ్ణి. నా ఇల్లే, నా దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. వంటింట్లో డబ్బా మూత తీసి ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకొని, మళ్లీ మూత పెట్టేసి, పైకి పోయేవాణ్ణి. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కానీ ఇంటి ఇల్లాలికి తెలియకుండా ఉంటుందా! డబ్బా మూత జరిగి ఉంటోంది, బెల్లం తరుగుతోంది, తాళమేసిన పైగదిలో అడుగుల చప్పుడవుతోంది. ఆ పిల్ల పనికి పోవడం మానేసి మంచం పట్టింది. ఆమె ఏడుపు నేల సందుల్లోంచి నాకు వినబడింది.

"పైన ఎవరో నడుస్తుండ్రు. మా అవ్వకాడికి తోల్కపో నన్ను. లేకుంటే సచ్చిపోత."

"ఎవ్వలు లేరే పిచ్చిదానా, తాళముంది సూడు," అంటున్నాడు రాజు.

జ్వరం, అన్నం ముట్టదు, కళ్లు కప్పుకేసే చూస్తున్నాయట. సహోదరులారా, అంతకాలం నేను దయ్యాలకు భయపడ్డాను. ఆ ఇంట్లో ఉన్న దయ్యం ఎవరో ఆ పూట నాకు తెలిసింది! దిగి చెప్పాలని తలుపుదాకా పోయాను, గడియ మీద చెయ్యి వేశాను, చెయ్యి కదలలేదు. ఇప్పుడు కనబడితే ఆ పిల్ల గుండె ఆగిపోదా? అక్కడే కూలబడి, నా జీవితంలో మొదటిసారి ఒక్క మాట కూడా పెంచకుండా ప్రార్థించాను: "ప్రభువా, నన్ను ఆ దేశానికైనా పంపు, ఈ ఊళ్లోకైనా పంపు. మధ్యలో మాత్రం ఉంచకు."

మరునాడు మధ్యాహ్నమే జవాబు వచ్చింది. ఎలా వచ్చిందో తెలుసా? నన్ను వెళ్లగొట్టడానికే వచ్చింది! రాజు పోయి మా పాస్టరయ్యను బతిమాలుకున్నాడట. ప్రార్థించిన నూనె సీసాతో పాస్టరయ్య, వెనక సంఘమంతా, ఉపవాసముండి మరీ కింది గదిలో నిండిపోయారు. పాటలతో గోడలు అదిరాయి, నా సూట్‌కేసు నాట్యం చేసింది! అంతలో నేల అడుగు నుండి సైరను మొదలైంది, దానిమీద పాస్టరయ్య గొంతు లేచింది: "ఓ దురాత్మా, నీవెవరో చెప్పు! నీ పేరేమి?"

నేను చెప్పాలనుకోలేదు. అన్నాళ్లుగా నన్ను ఎవరూ పేరు అడగలేదు. లోపలెక్కడో తాళం ఊడినట్టయి, నా పాత గొంతు, తుప్పుపట్టిన హారనులాంటి గొంతు దానంతటదే లేచింది.

"దానేలూ!"

కింద ఒక్కసారిగా గోల.

"అయ్యో, దానేలన్న పాయెనే! ఆడ మంచుల సచ్చి, ఈడ ఇంటికొచ్చెనే!"

"ఎసొంటి మనిషే! మైకు గూడ ఊకెనే ఇచ్చె!"

అబద్ధమెందుకు, ఆ పొగడ్తలు ఇంకాసేపు వినాలనిపించింది! కానీ పాస్టరయ్య అప్పటికే ఫోను తీసి సువార్తకు కలిపాడు, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు.

"అమ్మా సువార్తా, ధైర్యంగ విను. మన దానేలు ప్రభువు దగ్గరికి పోయిండా ఏంది?"

అవతల నుండి నా భార్య గొంతు, ఆ మంచుదేశం నుండి, పొయ్యి మీది నూనెలా చిటపటలాడుతూ వచ్చింది.

"ఏడికి పోతడయ్యా? మీ నెత్తి మీది మిద్దెలనే ఉన్నడు! ముద్ర పడలేదని సిగ్గై దాసుకున్నడు! దించుండ్రి ముందుగాల!"

అప్పుడు పాస్టరయ్య మెట్ల కింద నిలబడి, దయ్యంతో మాట్లాడే గొంతు వదిలి, మామూలు గొంతుతో, "దానేలూ, దిగి రా బిడ్డా," అన్నాడు. గడియ దానికదే తెరుచుకున్నంత తేలికగా వచ్చింది. దిగాను. అందరూ గోడకు అతుక్కుపోయారు. ఎస్తేరవ్వ ఒక్కతే ముందుకొచ్చి, వంగి, నా రెండు చీలమండలు పట్టుకొని తడిమి చూసింది, దయ్యానికైతే పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కదా.

"కాళ్లు సక్కగనే ఉన్నయ్. మనిషే," అని తేల్చి, లేచి నా చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ దెబ్బ శబ్దం ఇందల్వాయిదాకా వినబడి ఉంటుంది! ఆ చెంప మంటలో నేను బతికున్నానని నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది.

మంచం మీది భాగ్య లేచి కూర్చుంది. నన్ను పైనుండి కిందికి చూసి, "బెల్లం నువ్వే తిన్నవా అన్నా? అడిగితే ఇయ్యకపోదునా?" అని ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది. సాయంత్రానికి ఆ పిల్ల అన్నం అడిగింది, జ్వరం దిగింది. ఆ మహిమ ఎవరిదో నేను వేరే చెప్పాలా!

అందరూ పోయాక ఎస్తేరవ్వను పక్కకు పిలిచి, నా లోపలి చివరి భయం అడిగాను.

"అవ్వా, పగటీలి నాకు ఫ్యాక్టరీ సైరను వినబడ్తది. నాకేమన్న అయ్యిందా?"

"నాకు గూడ రోజూ వినబడ్తది కొడకా," అంది. "మీ తాత డ్యూటీకి పోయే యాల్ల అది. ఎదురుసూసేటోళ్లందరికి వినబడ్తది. కిందికొచ్చి నలుగుర్ల కూసో, మెల్లగ వినబడ్తది."

అక్కడ సమ్మె ఈమధ్యే ముగిసింది. కానీ పేరుకుపోయిన పాస్‌పోర్టుల గుట్ట ఎవరెస్టుకు అన్నలా ఉందట, నాది దాని అడుగున ఎక్కడో ఉంది. ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను. రాజు ఇంట్లో పగలు కూర్చొని, చర్చిలో నా మైకు నేనే కట్టి, ఆ చలిదేశపు ఉద్యోగుల పిల్లల కడుపులు నిండాలని కూడా ప్రార్థిస్తున్నాను. పాస్టరయ్య ఇప్పుడు "మా దానేలు బోధన్‌లో ఉన్నాడు ప్రభువా," అని మొదలుపెడతాడు.

ప్రియులారా, మీలో ఎవరైనా ముద్ర పడని కాగితం పట్టుకొని ఏదో ఒక మిద్దె మీద దాక్కొని ఉంటే, దిగి రండి, మీ పేరు మీరే చెప్పండి, నన్ను వెతికినవాడు మిమ్మల్నీ వెతుకుతున్నాడు. ఇక కిందున్నవారికి ఒక మాట. మీ ఇంటి పైన ఎప్పుడైనా అడుగుల చప్పుడు వినబడితే, నూనె సీసా తరువాత, ముందు ఒక పళ్లెంలో అన్నం పెట్టుకొని పైకి పొండి.

సువార్త ఇప్పటికీ ఆదివారమే ఫోను చేస్తుంది, ఇప్పటికీ మొదటి మాట అదే.

"ఏడున్నవ్?"

"కిందనే ఉన్న, సువార్తా. అందర్ల ఉన్న."

దేవునికే మహిమ!